అడగడానికి ఒక మనిషి

2024 డిసెంబర్ 9, సోమవారం – కరీంనగర్

శంకుస్థాపనల సీజన్ మొదలైంది. వచ్చే జనవరి 28తో కార్పొరేషన్ పాలకవర్గానికి ఐదేళ్లు నిండుతాయి. ఆలోపు కొట్టాల్సిన కొబ్బరికాయలన్నీ కొట్టేస్తున్నారు. పొద్దున నడకకు పోతే గల్లీ మొగన ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, నల్లరాతి ఫలకం నిలబెట్టారు. ఫలకం మీద పేర్లు ప్రొటోకాల్ ప్రకారం ఉన్నాయి. మంత్రి, ఎంపీ, ఎమ్మెల్యే, మేయర్, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో కార్పొరేటర్. అంచనా విలువ రాశారు. పని ఎప్పటికి పూర్తి కావాలో, చెడిపోతే ఎన్నేళ్ల దాకా కాంట్రాక్టరే బాగుచేయాలో రాయలేదు. చదివే జనానికి పనికొచ్చేవి ఆ రెండే.

డిసెంబర్ 12, గురువారం

మంకమ్మతోట దగ్గర టీ కొట్టు. చిన్న పనులు చేసే కాంట్రాక్టర్ ఒకాయన కలిశాడు. 'లెస్' లెక్క చెప్పమన్నాను.

"పది లక్షల పని అనుకో అన్నా. ఇంజినీర్లు ఎస్‌ఎస్‌ఆర్ రేట్ల మీద అంచనా కట్టిండ్రు. నేను ఇరవై లెస్‌కు వేసిన, ఎనిమిది లక్షలకు చేస్త అన్నట్టు. అండ్ల ఈఎండీ డిపాజిట్ పోను, బిల్లుల ఏడున్నర శాతం పట్టుకుంటరు, అది గడువు తీరినంక ఇస్తరు. జీఎస్టీ వేరే."

"మరి మిగిలేదేంది?"

"మిగులుతదా అని అడుగు ముందుగాల."

ఉమ్మడి రాష్ట్రంలో 2003 జులైలో వచ్చిన 94వ నంబరు జీవో ఈ ఆటకు గీతలు గీసింది. అంచనాకు ఐదు శాతం మించి ఎక్కువ కోట్ చేస్తే టెండర్ చెల్లదు. పాతిక శాతం కన్నా తక్కువకు పోతే ఆ తేడాకు అదనపు డిపాజిట్ కట్టాలి. ఆ ఏడాదే ఈ-ప్రొక్యూర్‌మెంట్ కూడా మొదలైంది. టెండర్ డబ్బా ముందు మనుషుల్ని కాపలా పెట్టే కాలం పోయింది. ఇప్పుడు రింగు కట్టేవాళ్లకు ఫోనుంటే చాలు.

సిమెంటు తక్కువకు రాదు, కంకర రాదు, కూలీ రాదు. అయినా పని ఇరవై తక్కువకు అవుతుంది. ఆ తగ్గిందేదో రోడ్డులోనే తగ్గుతుంది.

డిసెంబర్ 17, మంగళవారం – ఆదిలాబాద్

చలి ఎముకల్లోకి దిగుతోంది. తాంసి బస్టాండ్ రైల్వే గేటు పడింది. ఆటోలు, పత్తి బండ్లు, స్కూలు బస్సు, అన్నీ ఆగాయి. గేటు పక్కన జామకాయలమ్మే ఆమెకు మాత్రం ఇది గిరాకీ వేళ. ఇక్కడ వంతెన కావాలని ఊరు ఏళ్లుగా అడుగుతోంది. రైల్వే ఒక సంతకం, రాష్ట్రం ఒక సంతకం, భూసేకరణకు ఇంకొకటి. మున్సిపాలిటీకి ఇందులో సంతకమే లేదు. కానీ గేటు పడ్డప్పుడల్లా బండి మీద కూర్చున్నవాడు తిట్టేది మున్సిపాలిటీనే. నా పక్కనున్న ఆయన కూడా ఆ పనే చేశాడు.

డిసెంబర్ 18, బుధవారం – ఆదిలాబాద్

నల్లరేగడి గురించి ఒక రిటైర్డ్ ఇంజినీర్ దగ్గర పాఠం విన్నాను. వానాకాలం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా సీసీ పోస్తే రెండో ఏడుకే పలక లేస్తుంది. మట్టి తీసి, మొరం నింపి, నీళ్లు కొట్టి, రోలర్ తిప్పి, ఆ తర్వాత కాంక్రీటు పోయాలి.

"పత్తికి బంగారం లాంటి భూమి, రోడ్డుకు పగ" అన్నారాయన. "మొరం పొర అంచనాలో ఉంటది సార్. భూమిలో ఉన్నదా లేదా, పోసిన రోజు చూసినోడికే తెలుసు. సీసీ పడ్డంక దేవుడికి కూడ కనపడది."

కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్‌లో, ఆ పొర మందం రాసే చెయ్యి ఏఈది. పైన డీఈ చెక్ చేస్తాడు, క్వాలిటీ కంట్రోల్ వాళ్లు వస్తారు. కౌన్సిల్ హాల్లో జరిగే ఏ చర్చా ఆ పేజీ దాకా పోదు.

డిసెంబర్ 19, గురువారం – ఆదిలాబాద్

49 వార్డుల ఊరు. ఒక వార్డు కౌన్సిలర్ అక్క ఇంట్లో గంటసేపు కూర్చున్నాను. మహిళలకు సగం సీట్లు రిజర్వు అయినప్పటినుంచి చాలా ఊళ్లలో కౌన్సిలర్ పేరు భార్యది, ఫోన్ నంబర్ భర్తది. ఈమె అట్లా కాదు, ఫోన్ తానే ఎత్తుతుంది. నేనున్న గంటలో వచ్చినవి: నల్లా నీళ్లు మురికిగా వస్తున్నాయని, కుక్క కరిచిందని, పెన్షన్ ఆగిందని, కరెంటు స్తంభం ఒరిగిందని, కొడుక్కు ఆసుపత్రిలో మంచం ఇప్పించమని. ఇందులో మున్సిపాలిటీ పరిధిలోవి ఎన్నో లెక్క పెట్టమన్నాను. నవ్వింది.

"వాళ్లకు నేనే సర్కార్ అన్నా. కాదంటే తలుపు ఎట్ల వేసుకుంట? రేపు పొద్దుగాల పాల పాకెట్‌కు పోతే వాళ్లే ఎదురైతరు."

డిసెంబర్ 29, ఆదివారం – కరీంనగర్

ఊళ్లో ఏది ఎవరిదో ఒక కాగితం మీద రాసి చూశాను.

మానేరు మీది తీగల వంతెన: రోడ్లు భవనాల శాఖది. 2023 జూన్ 21న కేటీఆర్ ప్రారంభించారు. దిగువ మానేరు డ్యాం, అందులోని 24 టీఎంసీలు: నీటిపారుదల శాఖవి. వరంగల్ పోయే దారి: జాతీయ రహదారి. స్మార్ట్ రోడ్లు, పార్కులు: స్మార్ట్ సిటీ కంపెనీవి. వాడకట్టులో మోరీ, వీధి దీపం, చెత్త బండి: కార్పొరేషన్‌వి.

స్మార్ట్ సిటీ జాబితాలో కరీంనగర్ చేరింది 2017 జూన్‌లో. ఒక్కో నగరానికి కేంద్రం ఐదేళ్లలో 500 కోట్లు, అంతే మొత్తం రాష్ట్రం తరఫున. ఈ డబ్బు కౌన్సిల్ ఖాతాలోకి రాదు. రాష్ట్రం, కార్పొరేషన్ చెరిసగం వాటాలతో ఒక కంపెనీ పెట్టాలి. స్మార్ట్ సిటీ పనుల విషయంలో కౌన్సిల్ అధికారాలను ఆ కంపెనీకే అప్పగించండని మార్గదర్శకాలు చెప్పాయి. పనులు తొందరగా కావాలన్నది ఉద్దేశం. కౌన్సిల్‌కు పోతే పనులు పంచాయితీల్లో చిక్కుకుంటాయన్న భయం ఉట్టిదేమీ కాదు. ఫలితం మాత్రం ఇది: ఊరి చరిత్రలోనే పెద్ద మొత్తం వచ్చినప్పుడు ఊరు ఎన్నుకున్న అరవై మంది ఎక్కువగా వాదించుకున్నది మోరీల మీద, లైట్ల మీద.

2025 జనవరి 5, ఆదివారం

పాత పేపర్లు తిరగేస్తుంటే 2019 కనిపించింది. అప్పటి మేయర్ సర్దార్ రవీందర్ సింగ్ హయాంలో ఒక్క రూపాయికే అంత్యక్రియలు చేసే పథకం పెట్టారు. 'అంతిమ యాత్ర – ఆఖరి సఫర్' అని పేరు. ఆ జూన్ 15 నుంచి అమలు. కట్టెలు, బండి, మిగతా ఏర్పాట్లు కార్పొరేషన్‌వి. పాలకవర్గానికి అప్పటికి మిగిలింది మూడు వారాలు కూడా లేదు, జులై 2తో గడువు తీరింది. ఎన్నికల లెక్క ఉంటే ఉండొచ్చు. అయినా కిరాయి ఇంట్లో పోయిన మనిషి శవాన్ని లోపల పెట్టనివ్వని ఊళ్లలో పేదోడికి ఏం కావాలో ఢిల్లీ మార్గదర్శకాలకు తెలియదు. వాడకట్టులో తిరిగేవాళ్లకు తెలుస్తుంది.

కౌన్సిల్ సొంతంగా చేయగలిగింది తక్కువే. ఉన్నంతలో ఇట్లాంటిది ఒకటి పుడుతుంది.

జనవరి 13, సోమవారం, భోగి – బస్సులో

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు, నిర్మల్. అన్నీ మున్సిపాలిటీలే.

జగిత్యాల బస్టాండ్‌లో టీకి ఆగినప్పుడు 2023 జనవరి గుర్తుకొచ్చింది. అదొక్క నెలలో ఈ ఊరి కౌన్సిల్ రెండుసార్లు రాష్ట్రమంతా వినబడింది. మొదటిది మాస్టర్ ప్లాన్. తమ పొలాలను ఇండస్ట్రియల్, రిక్రియేషన్ జోన్లలో చూపారని చుట్టుపక్కల ఊళ్ల రైతులు రోడ్డెక్కారు. కౌన్సిల్ అత్యవసరంగా కూర్చొని ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానించింది. మున్సిపల్ హాలులో తయారు కాని ప్లాన్‌ను మున్సిపల్ హాలే రద్దు చేయాల్సి వచ్చింది. రైతులకు దొరికిన తలుపు అదొక్కటే మరి.

రెండోది చైర్‌పర్సన్ బోగ శ్రావణి రాజీనామా. జనవరి 25న విలేకర్ల ముందు కంటతడి పెట్టుకున్నారు. ఎమ్మెల్యే తనను పనిచేయనివ్వడం లేదన్నది ఆమె ఆరోపణ. అది ఒక్క ఊరి సంగతిగా చూస్తే పార్టీ గొడవ. చైర్‌పర్సన్ కుర్చీకి, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు మధ్య దూరం ప్రతి ఊళ్లోనూ ఉంది. పని ఏ వార్డుకు పోవాలో క్యాంపు ఆఫీసులో తేలుతుంది. తీర్మానం నంబరు వేయడం హాలులో జరుగుతుంది.

జనవరి 19, ఆదివారం

ఎజెండా కాగితాలు చదవడం అలవాటైతే కొన్ని సంగతులు తెలుస్తాయి.

మొదటి పేజీల్లో ఉండేవి ఇప్పటికే జరిగిపోయిన పనులు. 'ముందస్తు అనుమతితో చేపట్టిన పనికి కౌన్సిల్ ఆమోదం కోరుచున్నాము' అని. బోరు మోటారు మరమ్మతు, పండుగ లైటింగ్, నిమజ్జనం క్రేన్లు. మధ్య పేజీల్లో టెండర్ల ఆమోదం. అసలు కథ ఎజెండాలో లేకుండా అప్పటికప్పుడు బల్ల మీదికి వచ్చే టేబుల్ ఐటెమ్‌లో ఉంటుంది. దాని దాకా వచ్చేసరికి సగం మంది భోజనానికి లేచి ఉంటారు.

జీరో అవర్‌లో అరుపులు. మా వార్డులో ఎందుకు లేదు, వాళ్ల వార్డులో రెండెందుకు? అన్నీ 'ఎక్కడ' అనే గొడవలే. ముందు పైపులైనా, ముందు రోడ్డా అని గట్టిగా కొట్లాడిన సమావేశం నేను ఇంతవరకు చూడలేదు. ఆ వరుస తప్పడం వల్లే పోసిన రోడ్డు మళ్లీ తవ్వుతారు. తవ్వింది ఒక శాఖ, పూడ్చాల్సింది ఇంకో శాఖ, తిట్లు పడేది కార్పొరేటర్.

జనవరి 24, శుక్రవారం – కరీంనగర్

కేంద్ర పట్టణాభివృద్ధి మంత్రి మనోహర్‌లాల్ ఖట్టర్ వచ్చారు. హౌసింగ్ బోర్డ్ కాలనీలో 24 గంటల నీళ్ల పథకం ప్రారంభం. మానేరు ఒడ్డున ఉండి, డ్యాం గోడ కనబడుతుండగా రోజంతా నీళ్లు రావడం వార్త కావడమే విచిత్రం. కానీ వార్తే. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మోరీ నీళ్లు లోపలికి పీల్చుకోవు, ఇంటింటికీ మోటార్లు అక్కర్లేదు, బిందెల వరస ఉండదు. వేదిక మీద రెండు పార్టీల మంత్రులు పక్కపక్కనే కూర్చున్నారు. నీళ్లకు ఆ గుణం ఉన్నట్టుంది.

జనవరి 26, ఆదివారం

ఇవ్వాళ్టితో రాష్ట్రంలోని చాలా మున్సిపాలిటీల పాలకవర్గాలకు చివరి రోజు, ఆదిలాబాద్‌తో సహా. కరీంనగర్‌లో పోలింగ్ ఆలస్యమై 2020 జనవరి 24న జరిగింది కాబట్టి ఇంకో రెండు రోజులుంది. నిన్ననే మేయర్ సునీల్ రావు బీఆర్ఎస్ వదిలి బీజేపీలో చేరారు.

రాజ్యాంగం 243యూ అధికరణ స్పష్టంగా ఉంది: ఐదేళ్లు నిండకముందే కొత్త పాలకవర్గానికి ఎన్నికలు పూర్తి కావాలి. 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ సవరణ అది. మన ఊళ్లలో ఏం జరిగిందో రాసుకుంటే ఇదీ వరస. 2005లో ఎన్నికైన పాలకవర్గాలు 2010లో దిగిపోయాయి. మళ్లీ ఓటు 2014 మార్చి 30న. వాళ్లు 2019 జులైలో దిగారు. మళ్లీ ఓటు 2020 జనవరిలో. ఇప్పుడు 2025. మూడుసార్లూ గడువు ముందు తీరింది, ఎన్నిక తర్వాత. మినహాయింపు మూడుసార్లు జరిగితే దాన్ని ఆనవాయితీ అనాలి.

జనవరి 28, మంగళవారం

కరీంనగర్ పాలకవర్గం ముగిసింది. ప్రత్యేకాధికారిగా కలెక్టర్.

ఇదే రాత్రి ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో నాగోబా మహాపూజ. పుష్య అమావాస్య. గోదావరి నీళ్లు తెచ్చి మెస్రం వంశస్తులు అభిషేకం చేస్తారు. జాతరలో ఒక రోజు దర్బారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను చంపాక, గోండుల కోపం ఎందుకో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. అధికారులే అడవిలోకి వచ్చి గోడు వినే దర్బారు ఆ కాలంలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. భూమి, పోడు, రోడ్డు, నీళ్లు. అర్జీలు తీసుకుంటారు, హామీలు ఇస్తారు.

దర్బారు గొప్ప ఏర్పాటు, ఆ రోజుల్లో ఇంకో దారి లేనివాళ్లకు. ఇకనుంచి కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాల్లో కూడా అదే పద్ధతి: అధికారి వింటాడు, మనం అర్జీ ఇస్తాం. ఓటు వేసి ఎన్నుకున్న మనిషిని నిలదీయడం వేరు, ఓటుతో సంబంధం లేని మనిషికి దండం పెట్టి విన్నవించడం వేరు.

జనవరి 30, గురువారం

మెదక్–నిజామాబాద్–ఆదిలాబాద్–కరీంనగర్ పట్టభద్రుల, టీచర్ల ఎమ్మెల్సీ ఎన్నికల షెడ్యూల్ వచ్చింది. కోడ్ అమలు. నడుస్తున్న పనులు నడుస్తాయి, కొత్తవి ఆగుతాయి. డిసెంబర్‌లో కొట్టిన కొబ్బరికాయల్లో కొన్ని నిజంగానే కొబ్బరికాయలుగా మిగిలాయి.

ఫిబ్రవరి 8, శనివారం

టీ కొట్టు కాంట్రాక్టర్ మళ్లీ కనిపించాడు. బిల్లు ఎక్కడుందని అడిగాను.

"టోకెన్ పడ్డది."

"అంటే?"

"అంటే లైన్ల నిలబడ్డది. నేను నిలబడ్డ, అప్పిచ్చినోడు నా ముంగట నిలబడ్డడు."

రాష్ట్రమంతా చిన్న కాంట్రాక్టర్ల గోస ఇదే. పని చేసినోడికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు వాడు రెండు లెక్కలు వేసుకుంటాడు: పనికి ఒకటి, వడ్డీకి ఒకటి. వడ్డీ లెక్క కూడా రోడ్డు మందంలోంచే తీస్తాడు. ఆలస్యంగా చెల్లించే సర్కారు నాణ్యత గురించి గట్టిగా మాట్లాడలేదు. నిజాయితీగా పనిచేసేవాడు ముందు మానేస్తాడు. తట్టుకోగలిగినవాడే మిగులుతాడు, వాడు ఎట్లా తట్టుకుంటున్నాడో ఎవరూ అడగరు.

ఫిబ్రవరి 27, గురువారం

ఎమ్మెల్సీ పోలింగ్. డిగ్రీ ఉన్నవాళ్లు ఓటేసి వచ్చారు. మా వీధి చివర మోరీ పొంగితే ఎమ్మెల్సీని అడగాలా అని కిరాణా కొట్టు కాక వెటకారంగా అన్నాడు. డిగ్రీ లేని ఆయనకు ఇవ్వాళ ఓటు లేదు. ఓటున్న వార్డుకేమో మనిషి లేడు.

మార్చి 17, సోమవారం – కరీంనగర్

ప్రజావాణి. కలెక్టరేట్‌లో వరస. చేతిలో అర్జీ, దాని వెనక పాత అర్జీ జిరాక్స్, దాని వెనక అంతకన్నా పాతది. కొత్తపల్లి వైపు నుంచి వచ్చిన ఒకాయన నా ముందున్నాడు. కొత్తపల్లి మున్సిపాలిటీని, బొమ్మకల్, గోపాల్‌పూర్, దుర్శేడ్ లాంటి పంచాయతీలను ఈ ఏడాది కార్పొరేషన్‌లో కలిపారు. 2020 ఎన్నికలకు ముందు రేకుర్తి, ఆరెపల్లి, అలుగునూరు వగైరాలను కలిపినట్టే. అటు పాత ఆదిలాబాద్ జిల్లాలో మంచిర్యాల కూడా నస్పూర్‌ను కలుపుకొని కార్పొరేషన్ అయింది.

"ఊరుండంగ సర్పంచ్ ఉండె. మున్సిపాలిటీ అయినంక కౌన్సిలర్ ఉండె. ఇప్పుడు పట్నమైనం, ఎవ్వలు లేరు" అన్నాడాయన.

కలెక్టర్ మీద నాకేం ఫిర్యాదు లేదు. ఒక్క మనిషి జిల్లానంతా చూస్తూ అరవై డివిజన్ల మోరీలు కూడా చూడాలనడమే తప్పు. 2019 మున్సిపల్ చట్టం కలెక్టర్లకు అధికారాలు బాగానే పెంచింది. రోజుకు గంటలు మాత్రం పెంచలేకపోయింది.

మార్చి 22, శనివారం

ఆటోనగర్ వైపు డంపింగ్ యార్డు పొగ. మానేరు ఒడ్డున ఏళ్లుగా పేరుకున్న చెత్త. బయోమైనింగ్‌తో కరిగిస్తామన్నారు. తవ్వి, జల్లెడ పట్టి, మట్టి వేరు, ప్లాస్టిక్ వేరు, రాళ్లు వేరు. పని మొదలుపెట్టడం తేలిక. రోజూ వచ్చే కొత్త చెత్త మళ్లీ అక్కడే పడుతుంటే ముగించడం కష్టం. తడి, పొడి వేరు చేయమని గడపగడపకూ పోయి చెప్పాల్సింది వార్డు మనిషే.

మార్చి 31, సోమవారం

నిన్న ఉగాది, ఇవ్వాళ రంజాన్. బ్యాంకుకు, బడ్జెట్‌కు ఏడాది చివరి రోజు. పొడిగిస్తూ వచ్చిన స్మార్ట్ సిటీ మిషన్ కూడా ఇవ్వాళ్టితో సరి. 2015 జూన్‌లో మొదలైన పథకం పదేళ్లకు పూర్తయింది. పార్కులున్నాయి, రోడ్లున్నాయి, స్టేడియం ఉంది. కట్టినవాటిని రేపట్నించి ఎవరు చూసుకుంటారు? కార్పొరేషనే. ఫౌంటెన్ మోటారు కాలిపోతే, పార్కు లైటు పగిలితే, ఇంటి పన్ను డబ్బులోంచే బాగుచేయాలి. నిర్ణయించేటప్పుడు కంపెనీ, మోసేటప్పుడు ఊరు. రేపు గెలిచి వచ్చే కార్పొరేటర్లకు మొదటి రోజే ఈ బరువు తలకెత్తుతారు.

ఏప్రిల్ 9, బుధవారం

మా గల్లీ సీసీ రోడ్డుకు చీలిక వచ్చింది. పోసి ఎక్కువ కాలం కాలేదు. లోపం చూపితే సొంత ఖర్చుతో సరిచేసే గడువులోనే కాంట్రాక్టర్ ఇంకా ఉన్నాడని నా అంచనా. ఆ గడువు తేదీ ఫలకం మీద లేదని డిసెంబర్‌లోనే రాసుకున్నాను కదా.

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాశాను. మూడు సంగతులు అడిగాను: అంచనా నకలు, ఎం-బుక్‌లో ఆ పని కొలతల పేజీ, లోపాల బాధ్యత గడువు ఏ తేదీతో తీరుతుంది. ఫీజు పది రూపాయలు. జవాబుకు ముప్పై రోజులు.

పదవిలో ఉన్నప్పుడు మా కార్పొరేటర్‌కు ఈ మూడింట్లో ఒక్కటీ తెలిసేది కాదు. కానీ ఆయన ఇంటి ముందు నిలబడి అడిగితే ఏఈకి అక్కడికక్కడే ఫోన్ కలిపేవాడు. నేను వినేలా గట్టిగా మాట్లాడేవాడు, మళ్లీ ఓటు అడగాలి కాబట్టి.